ఫ్లెమింగోకి ఏ కెమెరా? షార్ రాకెట్‌కి ఏ కెమెరా?

చలికాలం వచ్చిందంటే సూళ్లూరుపేట పక్షుల ఊరైపోతుంది. పులికాట్ సరస్సులోకి ఫ్లెమింగోలు దిగుతాయి. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్లకొంగలు, నీటికాకులు గూళ్లు కడతాయి. వాటిని చూడటానికి నెల్లూరు, తిరుపతి, చెన్నైల నుంచి జనం వస్తారు. 2001లో మొదలైన ఫ్లెమింగో పండగ రోజుల్లో నేలపట్టు, అటకానితిప్ప, భీములవారిపాళెం దారులన్నీ కిటకిటలాడతాయి. పక్కనే శ్రీహరికోట, అక్కడే షార్ రాకెట్ కేంద్రం. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఊరి మేడల మీద, రోడ్ల మీద మరో సందడి. పక్షి కోసం వచ్చినా, రాకెట్ కోసం వచ్చినా చేతిలో మాత్రం ఏదో ఒక కెమెరా ఉంటుంది.

సాయంత్రం ఇంటికెళ్లి చూసుకుంటే కొందరి ఫొటోలో ఫ్లెమింగో ముక్కు వంపు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. కొందరి ఫొటోలో అది గులాబీ రంగు చుక్క. చుక్క వచ్చినవాళ్లు ‘మనది చిన్న కెమెరా కదా, డీఎస్‌ఎల్‌ఆర్ కొంటే సరిపోతుంది’ అనుకుంటారు. అప్పోసప్పో చేసి కొంటారు కూడా. మరుసటి ఏడు కొత్త కెమెరాతోనూ చుక్కే వస్తుంది. ఇలా ఎందుకవుతుందో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు, హైస్కూలు భౌతికశాస్త్రం చాలు. డబ్బు పెట్టేముందు ఆ లెక్క చేసుకోవడం ప్రతి ఒక్కరికీ మంచిది.

రెండు వందల మీటర్ల దూరంలో ఒక పక్షి

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్‌ను చీల్చుకుంటూ పోతుంది. అటకానితిప్ప దాటాక రెండు వైపులా లోతు తక్కువ నీళ్లు. ఫ్లెమింగోలు తల కిందులుగా ముంచి, ముక్కులోని సన్నటి జల్లెడ లాంటి అమరికతో బురదనీటిని వడగట్టి తింటుంటాయి. మనిషిని దగ్గరికి రానివ్వవు. కాబట్టి పక్షి మనకు 200 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. పెద్ద ఫ్లెమింగో ఎత్తు 110 నుంచి 150 సెంటీమీటర్లు. మధ్యలో 1.3 మీటర్లు తీసుకుందాం.

దూరంగా ఉన్న వస్తువు ప్రతిబింబం ఎంత పొడుగు పడుతుందో చెప్పే సూత్రం చిన్నది. వస్తువు ఎత్తును దూరంతో భాగించి, లెన్స్ నాభ్యంతరంతో (ఫోకల్ లెంగ్త్) గుణించాలి. 1.3ని 200తో భాగిస్తే 0.0065. అంటే నాభ్యంతరం ఎన్ని మిల్లీమీటర్లయితే, అందులో వెయ్యింట ఆరున్నర వంతు పొడుగున పక్షి సెన్సర్ మీద పడుతుంది.

మామూలు జేబు కెమెరాలో మూడు రెట్ల జూమ్ పూర్తిగా లాగితే నాభ్యంతరం 15 మి.మీ. దాకా వస్తుంది. సెన్సర్ మీద పక్షి పొడుగు 0.1 మి.మీ.కి కాస్త తక్కువ. ఆ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు మి.మీ.లో వెయ్యింట 1.2 వంతు. భాగిస్తే పక్షి మొత్తం ఎత్తుకు దక్కేది సుమారు 80 పిక్సెళ్లు.

ఇప్పుడు డీఎస్‌ఎల్‌ఆర్. పెట్టెలో కెమెరాతో పాటు వచ్చే లెన్స్ 18–55 మి.మీ.ది. 55 దగ్గర పక్షి పొడుగు 0.36 మి.మీ. ఇది జేబు కెమెరాకి దాదాపు నాలుగింతలు. అయితే 24 మెగాపిక్సెళ్ల డీఎస్‌ఎల్‌ఆర్‌లో పిక్సెళ్లు కూడా పెద్దవి. ఒక్కొక్కటి వెయ్యింట 3.9 వంతు. భాగిస్తే వచ్చేది 90 పిక్సెళ్లు. అక్కడ 80, ఇక్కడ 90. వేల రూపాయలు ఎక్కువ పెట్టి కొన్నా పక్షి చుక్కగానే మిగిలిపోవడానికి కారణం ఇదే.

అదే కెమెరాకి 400 మి.మీ. లెన్స్ తగిలిస్తే ప్రతిబింబం 2.6 మి.మీ. పొడుగు పడుతుంది, 660 పిక్సెళ్లకు పైనే వస్తాయి. ముక్కు చివరి నలుపు, మెడ వంపు, కాళ్ల గులాబీ రంగు అన్నీ విడివిడిగా తెలుస్తాయి. తేడా తెచ్చింది కెమెరా కాదు, లెన్స్.

జూమ్ సమానమైనా ఫొటో సమానం కాదు

ముప్ఫై రెట్ల జూమ్ ఉన్న జేబు కెమెరాలు వచ్చి చాలా ఏళ్లయింది. బరువు పావు కిలో. వాటి నాభ్యంతరం 120 మి.మీ. దాకా పోతుంది. అదే లెక్క వేస్తే 200 మీటర్ల దూరంలోని ఫ్లెమింగోకి 650 పిక్సెళ్లు. భుజాన మోసే బరువైన 400 మి.మీ. లెన్స్‌తో దాదాపు సమానం. మరి రెండు కిలోలు ఎందుకు మొయ్యాలి?

దానికి జవాబు లెన్స్ నోటి వెడల్పులో ఉంది. నాభ్యంతరాన్ని ఎఫ్ సంఖ్యతో భాగిస్తే వెలుగు లోపలికి వచ్చే ద్వారం వ్యాసం తెలుస్తుంది. జేబు కెమెరా జూమ్ చివర ఎఫ్/6.4 ఉంటుంది. 120ని 6.4తో భాగిస్తే 19 మి.మీ. డీఎస్‌ఎల్‌ఆర్ లెన్స్ ఎఫ్/5.6 అయితే 400ని 5.6తో భాగించాలి. అది 71 మి.మీ. వ్యాసంలో దాదాపు నాలుగింతల తేడా, వైశాల్యంలో 14 రెట్ల తేడా. పులికాట్‌లో వల ఎంత వెడల్పైతే అంత చేప పడ్డట్టు, పక్షి మీంచి వచ్చే వెలుగులో పెద్ద లెన్స్ 14 రెట్లు ఎక్కువ పట్టుకుంటుంది.

ఈ వెలుగు ఎక్కువైతే ఫొటోకి ఏం ఒరుగుతుంది? వెలుగు ఫోటాన్లనే కణాలుగా వస్తుంది. ఆ రాక ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. ఒక పిక్సెల్‌కి సగటున 100 ఫోటాన్లు రావలసి ఉంటే, నిజంగా వచ్చేవి అటూ ఇటూ పది మేరకు మారుతుంటాయి. అంటే పది శాతం తేడా. 1,400 రావలసిన చోట ఆ మార్పు 37 మాత్రమే, మూడు శాతం లోపు. మబ్బు పట్టిన రోజు, తెల్లవారుజామున తీసిన ఫొటోల్లో ఇసుక చల్లినట్టు కనిపించే గరుకుదనం ఎక్కువ భాగం ఇదే. కెమెరాలో ఐఎస్‌ఓ పెంచితే లోపలికి వచ్చే వెలుగు పెరగదు. అందిన కొద్దిపాటి సంకేతమే, దానిలోని హెచ్చుతగ్గులతో సహా పెద్దదవుతుంది.

రెండో కారణం వివర్తనం. వెలుగు తరంగం కాబట్టి చిన్న ద్వారం గుండా వచ్చేటప్పుడు కాస్త వ్యాపిస్తుంది. ఎంత మంచి గాజు వాడినా ఈ వ్యాపనం తప్పదు. ద్వారం ఎంత చిన్నదైతే వ్యాపనం అంత ఎక్కువ. 19 మి.మీ. ద్వారంతో 200 మీటర్ల దూరంలో విడదీసి చూడగలిగేది 7 మి.మీ. వివరం. 71 మి.మీ. ద్వారంతో 2 మి.మీ. వివరం. ఫ్లెమింగో కంటిలో మెరుపు, ఈకల అంచులు ఈ రెండు అంకెల మధ్యే ఉన్నాయి. చిన్న కెమెరా ఆ వివరం మీద ఎన్ని పిక్సెళ్లు పేర్చినా, లెన్స్ అందించని వివరాన్ని సెన్సర్ సృష్టించలేదు. మెగాపిక్సెళ్ల ప్రకటన చూసి మోసపోకూడదన్నది ఇందుకే.

ఇదే నియమానికి పెద్ద ఉదాహరణ సూళ్లూరుపేట పక్కనుంచే ఎగిరింది. 2019 నవంబర్ 27న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ–సీ47 రాకెట్ కార్టోశాట్–3 ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. అది 509 కిలోమీటర్ల ఎత్తు నుంచి నేల మీద 30 సెంటీమీటర్లలోపు వివరాన్ని చూడగలదు. దాని టెలిస్కోపు ద్వారం వ్యాసం 1.2 మీటర్లు. పైన ఫ్లెమింగోకి వేసిన వివర్తనం లెక్కే దీనికీ వేస్తే వచ్చేది 28 సెంటీమీటర్లు. పులికాట్ గట్టు మీది కెమెరాకీ, ఆకాశంలోని కెమెరాకీ ప్రకృతి పెట్టిన హద్దు ఒక్కటే.

అద్దం చేసే పని

డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్ వెనక 45 డిగ్రీల వాలులో ఒక అద్దం ఉంటుంది. లెన్స్ గుండా వచ్చిన వెలుగును అది పైకి మళ్లిస్తే, పట్టకం దాన్ని మన కంటికి చేరుస్తుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేచి వెలుగును సెన్సర్ మీద పడనిస్తుంది. అద్దం వెనకున్న మరో చిన్న అద్దం కొంత వెలుగును ఫోకస్ పరికరానికి పంపుతుంది. ఆ పరికరం లెన్స్ రెండు అంచుల నుంచి వచ్చిన కిరణాలను పోల్చి, ఫోకస్ ఎటువైపు తప్పింది, ఎంత తప్పింది అన్నది ఒక్కసారే చెప్పేస్తుంది. లెన్స్ నేరుగా అక్కడికే జరుగుతుంది.

మామూలు జేబు కెమెరా ఇలా చెయ్యలేదు. లెన్స్‌ను ముందుకీ వెనక్కీ జరిపి, బొమ్మ అంచులు ఎక్కడ పదునుగా వచ్చాయో వెతుక్కుంటుంది. చెట్టు మీద కూర్చున్న గూడబాతుకి ఈ వెతుకులాట ఇబ్బంది కాదు. నేలపట్టులో గూటి నుంచి లేచి చెరువు మీదుగా ఎగిరే గూడబాతుని పట్టాలంటే మాత్రం షట్టర్ స్పీడ్ సెకనులో వెయ్యో వంతు ఉండాలి, ఫోకస్ క్షణంలో కుదరాలి. ఇక్కడ డీఎస్‌ఎల్‌ఆర్ ముందుంటుంది. ఖరీదైన కొత్త జేబు కెమెరాల్లో (కాంపాక్టుల్లో) డీఎస్‌ఎల్‌ఆర్ ఫోకస్ పద్ధతిని సెన్సర్ మీదే అమర్చారు, కాబట్టి వేగంలో ఆ తేడా తగ్గుతోంది.

ఫ్లెమింగో ఫొటో తీసేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. తినే తిండిలోని కెరోటినాయిడ్ల వల్ల దానికి గులాబీ రంగు వస్తుంది. అయినా ఒంటి మీది రంగు చాలా లేత. ముదురు నీటిని చూసి కెమెరా వెలుగు పెంచేస్తే పక్షి తెల్లటి మచ్చగా మిగులుతుంది. ఎక్స్‌పోజర్‌ను అర స్టాప్ నుంచి ఒక స్టాప్ తగ్గించండి. ఆ లేత గులాబీ, రెక్క కింది ముదురు ఎరుపు రెండూ నిలుస్తాయి.

ఏ లెన్స్ గెలవలేని ఎండ

పది దాటాక పులికాట్ బురదనేల కాగుతుంది. దాని మీది గాలి వేడెక్కి, చల్లగాలితో కలుస్తూ కదులుతుంది. వేడిగాలిలో, చల్లగాలిలో వెలుగు ఒకేలా వంగదు. ఎండమావిని పుట్టించేది ఇదే. ఆ గాలిపొరల గుండా చూసినప్పుడు దూరపు పక్షి అలలా ఊగుతుంది. లక్షల రూపాయల లెన్స్ కూడా దీన్ని సరిచెయ్యలేదు. పైగా లెన్స్ ఎంత పొడుగైతే ఊగడం అంత పెద్దదిగా కనబడుతుంది. సూర్యోదయం నుంచి తొలి రెండు గంటలు, లేదా చల్లబడ్డ సాయంత్రం, ఇవే మంచి వేళలు. ఉదయం ఏడింటికి వచ్చినవాడి జేబు కెమెరా, మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చినవాడి డీఎస్‌ఎల్‌ఆర్‌ను ఓడించగలదు.

రాకెట్‌కి వేరే లెక్క

సూళ్లూరుపేట నుంచి ప్రయోగ వేదికలు గాలి దారిన 20 కిలోమీటర్లకు పైగా దూరం. పీఎస్‌ఎల్‌వీ ఎత్తు 44 మీటర్లు. 22 కిలోమీటర్ల దూరం అనుకుంటే 400 మి.మీ. లెన్స్‌తో రాకెట్‌కి దక్కేది 200 పిక్సెళ్లు, 55 మి.మీ. లెన్స్‌తో 28. ఊళ్లో మేడ మీద నుంచి రాకెట్ ఒంటి మీది అక్షరాలు తియ్యాలని ఆశపడటం వృథా. శబ్దం కూడా మనల్ని చేరడానికి నిమిషం దాటుతుంది.

అయితే రాకెట్ గీసే దారి ఆకాశంలో సగం పరుచుకుంటుంది. రాత్రి ప్రయోగంలో షట్టర్ తెరిచి ఉంచితే ఆ దారి మొత్తం నిప్పుల విల్లులా ఒకే ఫొటోలో పడుతుంది. 2024 డిసెంబర్ 30 రాత్రి పది గంటలకు స్పేడెక్స్ ఉపగ్రహాలతో ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ–సీ60 లాంటి ప్రయోగాలు ఇందుకు అనువైనవి. దీనికి కావలసింది పొడుగు లెన్స్ కాదు. వెడల్పుగా చూసే లెన్స్, కదలని ట్రైపాడ్, షట్టర్‌ను మన ఇష్టానికి తెరిచి ఉంచే వీలు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ‘బల్బ్’ అమరిక పెట్టి, రిమోట్‌తో రెండు మూడు నిమిషాలు తెరిచి ఉంచొచ్చు. ఐఎస్‌ఓ 100, ఎఫ్/11 నుంచి ఎఫ్/16 దగ్గర మొదలుపెట్టాలి. చాలా జేబు కెమెరాల్లో షట్టర్ 15 లేదా 30 సెకన్లకే మూసుకుంటుంది. వాటితో విల్లులో ఒక ముక్కే వస్తుంది. కొనేముందు ‘మాన్యువల్’ అమరిక ఉందా, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంటుంది అని అడగండి. ఈ ఒక్క సౌకర్యం ఉంటే చిన్న కెమెరాతోనూ మంచి రాకెట్ ఫొటో తియ్యొచ్చు.

పగటి ప్రయోగంలో సమస్య వేరు. మంట కళ్లు మిరుమిట్లు గొలిపే తెలుపు, పొగ బూడిద రంగు, ఆకాశం నీలం. జేపెగ్ ఫొటో ఒక్కో రంగులో 256 మెట్లే దాచుకుంటుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లోని 14 బిట్ల ‘రా’ ఫైలు 16,384 మెట్లు దాచుకుంటుంది. మంట చెడకుండా వెలుగు తగ్గించి తీసి, తర్వాత పొగలోని వివరాన్ని పైకి తెచ్చుకునే వీలు అందులో ఎక్కువ.

జేబు కెమెరా గెలిచే చోట్లు

చెంగాళమ్మ గుడి దగ్గర కుటుంబం ఫొటో, భీములవారిపాళెంలో పడవ మీద పిల్లలు, ఉబ్బలమడుగు జలపాతం. ఇలాంటి చోట్ల మనిషి మూడు నాలుగు మీటర్ల దూరంలోనే ఉంటాడు. ఒక అంగుళం రకం సెన్సర్ ఉన్న మంచి కాంపాక్ట్ వెడల్పు చివర 8.8 మి.మీ., ఎఫ్/1.8. ద్వారం 4.9 మి.మీ. డీఎస్‌ఎల్‌ఆర్ పెట్టెలో వచ్చే లెన్స్ 18 మి.మీ., ఎఫ్/3.5. ద్వారం 5.1 మి.మీ. రెండూ దాదాపు సమానం. సాయంత్రం వెలుగులో ఆ రెండు ఫొటోలను పక్కపక్కన పెడితే తేడా చెప్పడం కష్టం. ఒకటి జేబులో పడుతుంది, రెండోదానికి సంచి కావాలి.

ఈ ఊరి గాలి సంగతి కూడా చూడాలి. ఉప్పు, తేమ, సన్నటి ఇసుక. గట్టు మీద గాలిలో డీఎస్‌ఎల్‌ఆర్ లెన్స్ మార్చితే సెన్సర్ మీద దుమ్ము పడుతుంది. కారులో కూర్చుని మార్చుకోండి. ముందుకూ వెనక్కూ జరిగే జేబు కెమెరా లెన్స్ ఇసుకను లోపలికి లాక్కుంటుంది, ఆ తర్వాత తెరుచుకోదు. ఇంటికి రాగానే మెత్తటి గుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెట్టాలి. లేకపోతే ఒక్క వానాకాలంలో లెన్స్ లోపల బూజు అల్లుకుంటుంది.

కొనేముందు

1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా మూడున్నర కిలోలు తూగింది. దానిలో ఉన్నవి పదివేల పిక్సెళ్లే. 1990ల మొదట్లో నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం వ్యోమనౌకల కెమెరాలను చిన్నవి చెయ్యడానికి కొత్త సీమాస్ సెన్సర్‌ను రూపొందించింది. ఇవాళ ప్రతి ఫోనులో ఉన్నది దాని సంతతే. ఆ ఫోనే జేబు కెమెరా అమ్మకాలను మింగేసింది. 2010లో ప్రపంచ మార్కెట్‌లోకి 12 కోట్ల పైచిలుకు డిజిటల్ కెమెరాలు వెళ్తే, 2023లో వెళ్లినవి 77 లక్షలు. డీఎస్‌ఎల్‌ఆర్ పరిస్థితీ మారింది. కెనాన్, నికాన్‌లు తమ చివరి అగ్రశ్రేణి డీఎస్‌ఎల్‌ఆర్‌లను 2020లో తెచ్చి, అద్దం లేని మిర్రర్‌లెస్ వైపు మళ్లాయి. దీనివల్ల మనకు ఒక మేలు జరిగింది. మంచి డీఎస్‌ఎల్‌ఆర్‌లు, వాటి పొడుగు లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో తక్కువ ధరకు దొరుకుతున్నాయి. కొనేటప్పుడు లెన్స్‌లోకి టార్చి వేసి బూజు ఉందేమో చూడండి. షట్టర్ ఇప్పటికి ఎన్నిసార్లు పడిందో అడగండి.

ఇక నా తీర్పు. ఇంట్లో ఫొటోలు, ప్రయాణాలు, పండగలే మీ అవసరమైతే డీఎస్‌ఎల్‌ఆర్ కొనకండి. మంచి ఫోను ఉంటే అది చాలు. కాదంటే ఒక అంగుళం సెన్సర్ ఉన్న కాంపాక్ట్ తీసుకోండి. ఏడాదికి ఒకసారి పులికాట్ వచ్చి, ఎండలో పక్షిని గుర్తుపట్టేంత ఫొటో కావాలంటే 30 రెట్ల జూమ్ ఉన్న చిన్న కెమెరా సరిపోతుంది. పక్షులే మీ ప్రాణమైతే, తెల్లవారుజామున వచ్చి ఎగిరే గూడబాతు కోసం ఎదురుచూసే ఓపిక ఉంటే, డీఎస్‌ఎల్‌ఆర్ గానీ మిర్రర్‌లెస్ గానీ కొనండి. మీ దగ్గరున్న డబ్బులో పెద్ద వాటా లెన్స్‌కి పెట్టండి. పాత కెమెరాకి కనీసం 300 మి.మీ. లెన్స్ తగిలిస్తే వచ్చే పక్షి ఫొటో, కొత్త కెమెరాకి 55 మి.మీ. లెన్స్ ఉంటే రాదు.

ఏ కెమెరా పట్టుకొచ్చినా ఒక మాట వినండి. చేతిలోని లెన్స్ చాలలేదని పక్షి దగ్గరికి నడవకండి. ఫ్లెమింగోలు మేత మాని తలలు ఎత్తాయంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చినట్టు. అక్కడే ఆగండి, రెండడుగులు వెనక్కి వెయ్యండి. నేలపట్టులో తల్లి బెదిరి గూడు వదిలితే గుడ్లు ఎండకు, కాకులకు బలవుతాయి. అక్కడ డ్రోన్ ఎగరెయ్యకండి. ఫొటో బాగా రాకపోతే వచ్చే ఏడు మళ్లీ తియ్యొచ్చు. పక్షులు రావడం మానేస్తే మాత్రం ఏ కెమెరాతోనూ తియ్యడానికి ఏమీ మిగలదు.